నల్లపండు పానకం, ఇంకో సంగతి

అమెరికా నుంచి చుట్టాలొస్తే పెట్టెలో ఏమేం ఉంటాయో మనకు తెలియనిది కాదు. బాదంపప్పు, చాక్లెట్లు, ఒంటికి రాసుకునే క్రీములు, మోకాళ్ళకు పూసుకునే మందు. మొన్న సంక్రాంతికి మా ఆడబిడ్డ కూతురు డల్లాస్ నుంచి ఏన్కూరు వచ్చినప్పుడు వీటితోపాటు ఇంకో పొట్లం కూడా తెచ్చింది. విప్పి చూస్తే నల్లగా, ముడతలుపడి, జిగటజిగటగా ఉన్న పండ్లు. మా అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఒకదాన్ని వేలితో నొక్కి చూసి, "ఏమే తల్లీ, పాత చింతపండు ఉండలు ఇంతదూరం మోసుకొచ్చావా?" అంది.

"చింతపండు కాదు అమ్మమ్మా, ప్రూన్స్. ఒంటికి చాలా మంచిది, రోజూ తిను" అని చెప్పి ఆ పిల్ల వెళ్ళిపోయింది. మేమెవరం ముట్టలేదు. ఆ పొట్లం ఫ్రిజ్ మీద పాత క్యాలెండరు పక్కన మిరప కోతలదాకా అలాగే పడి ఉంది. ఇప్పుడేమో ఆ పండు మా ఇంట్లో అయిపోతే ఖమ్మం వెళ్ళే బస్సులో ఎవరున్నారా అని చూసి మరీ తెప్పిస్తున్నాను. మధ్యలో ఏం జరిగిందో చెబుతాను. వంటలూ చెబుతాను, అసలు సంగతీ చెబుతాను.

ముందు పండు సంగతి. ఇదేమీ మనం ఎరగనిది కాదండీ. బిర్యానీ తింటుంటే అక్కడక్కడా పుల్లగా, మెత్తగా ఒక పండు పంటికి తగులుతుందే, ఆల్‌బుఖారా, దానికి ఇది అక్క. పారసీలో ఆలూ అంటే ఈ జాతి పండు. బుఖారా అంటే ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉన్న ఊరు. ఆ ఊరి పేరే పండుకు పెట్టి మనవాళ్ళు శతాబ్దాలుగా వాడుతున్నారు. పచ్చి పండును ప్లమ్ అంటారు, ఎండబెడితే ప్రూన్. మన కిరాణాకొట్లో దొరికే ఎండు ఆల్‌బుఖారాకు గింజ ఉంటుంది, పులుపు ఎక్కువ. అమెరికా ప్రూన్‌కు తీపి ఎక్కువ, గింజ తీసేసి అమ్ముతారు. 1856లో పెలియే అనే ఫ్రెంచి అన్నదమ్ములు తమ దేశం నుంచి ఈ చెట్టు కొమ్మలు కాలిఫోర్నియాకు తెచ్చి అంట్లు కట్టారట. ఇప్పుడు ఆ రాష్ట్రంలో పండినవి దేశదేశాలు తిరుగుతున్నాయి, మా ఖమ్మం సూపర్ మార్కెట్లదాకా.

ఇంకో తమాషా. అమెరికాలో ప్రూన్ అనగానే ముసలివాళ్ళ విరేచనం మందు అని నవ్వుకుంటారట. ఆ చిన్నతనం పడలేక అక్కడి వ్యాపారులు 2000 సంవత్సరంలో ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకుని 'డ్రైడ్ ప్లమ్స్' అని పేరు మార్చి అమ్మారు. తర్వాత మళ్ళీ పాత పేరుకే వచ్చారు. పేరు మారిస్తే గుణం మారుతుందా! ఆ గుణమేమిటో మా అత్తమ్మ ఒక్కరాత్రిలో తెలుసుకుంది.

ఫిబ్రవరిలో మిరప కోతలప్పుడు మేమంతా చేలోనే ఉంటాం. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే. మధ్యాహ్నం తీపి తినాలనిపించి ఫ్రిజ్ మీద పొట్లం దించింది. ఒకటి నోట్లో వేసుకుంటే ఖర్జూరంలా ఉంది, కొంచెం పులుపు కూడా తగిలింది. టీవీ చూస్తూ ఒక్కొక్కటే వేసుకుంది. ఎన్ని తిన్నదో ఆమెకే లెక్క లేదు, నేను పొట్లం చూసి పదిహేనుకు పైనే అనుకున్నాను. ఆ రాత్రి ఆమెకూ నిద్ర లేదు, చెయ్యి పట్టుకుని దొడ్డివైపు తీసుకెళ్ళి తీసుకొచ్చిన నాకూ లేదు. తెల్లవారి మజ్జిగలో ఉప్పు వేసి ఇస్తే తాగి, నీరసంగా మంచం మీద వాలి, "అమ్మాయ్, పండుది తప్పు కాదులే, ఆబ నాది" అంది.

నవ్వొచ్చినా, ఆలోచించాల్సిన విషయమే. అత్తమ్మకు రెండేళ్ళుగా మలబద్ధకం. మోకాళ్ళ నొప్పులతో నడక తగ్గింది, రక్తం తక్కువని ఐరన్ మాత్రలు, దొడ్డికి లేవాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగదు. ఇసబ్‌గోల్ పొట్టు గొంతులో అడ్డంపడుతుందని వద్దంటుంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ బాధ నోరు విప్పి చెప్పరు. పొద్దున ముఖం చిరాగ్గా ఉంటే కోడలి మీద కోపమనుకుంటాం గానీ కడుపు బరువని అనుకోం.

ఈ పండులో సార్బిటాల్ అనే ఒకరకం చక్కెర ఉంటుంది, 100 గ్రాములకు 15 గ్రాములదాకా. అది కడుపులో పూర్తిగా అరగదు. పేగులోకి నీటిని లాగి పట్టుకుంటుంది. దానికితోడు 7 గ్రాములదాకా పీచు. రెండూ కలిసి పని చేస్తాయి. 2011లో అమెరికాలోని అయోవాలో డాక్టర్లు మలబద్ధకం ఉన్న 40 మందికి కొన్నాళ్ళు ఈ పండు, కొన్నాళ్ళు ఇసబ్‌గోల్ జాతి పొట్టు ఇచ్చి చూస్తే పండే మెరుగ్గా పనిచేసిందట. వాళ్ళిచ్చింది పూటకు 50 గ్రాములు, అంటే అయిదారు పండ్లు, రోజుకు రెండు పూటలు. మా అత్తమ్మకు అంత అక్కర్లేదు. రాత్రి నాలుగు పండ్లు అరగ్లాసు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే పండ్లు తినిపించి ఆ నీళ్ళు తాగిస్తున్నాను. పైన ఇంకో గ్లాసు మంచినీళ్ళు. మొదట రెండింటితో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాను. పదిరోజులకు ఇంట్లో కోపాలు తగ్గాయి.

మన నలభైల వయసువాళ్ళకూ ఇందులో కొంత లాభం ఉంది. నెలసరి ఆగిన ఆడవాళ్ళు ఏడాదిపాటు రోజూ 100 గ్రాములు తింటే ఎముకల గట్టిదనం మెరుగుపడిందని ఫ్లోరిడాలో చేసిన పరిశోధన 2011లో వచ్చింది. అంత తినడం మన కడుపుకూ కష్టం, పర్సుకూ కష్టం. రోజుకు 50 గ్రాములు తిన్నా తుంటి ఎముక బలం తగ్గకుండా నిలిచిందని 2022లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంవాళ్ళు చెప్పారు. ఎముకల కోసం ఈ ఒక్క పండునే నమ్ముకోకండి. నువ్వులు, రాగులు, పెరుగు, పొద్దుటి ఎండ మన దగ్గర ఉన్నవే.

ఎవరు తినకూడదో కూడా చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా ముట్టవద్దు, పొటాషియం ఎక్కువ. షుగరున్నవాళ్ళు ఒకటి రెండుతో ఆగాలి. రక్తం పలచబడటానికి మాత్రలు వేసుకునేవాళ్ళూ డాక్టరుకు చెప్పి తినాలి. చిన్నపిల్లలకు ఒకటి చాలు.

ఇక వంటలు. మొదట లడ్డూ చేశాను, బాగా కుదిరింది. గింజలేని ప్రూన్స్ 15, నువ్వులు ఒక కప్పు, పల్లీలు ఒక కప్పు, యాలకులు 3, నెయ్యి ఒక చెంచా. నువ్వులు చిటపటమనేదాకా, పల్లీలు పొట్టు ఊడేదాకా విడివిడిగా వేయించి, చల్లారాక బరకగా దంచుకోవాలి. పండ్లను సన్నగా తరిగి రోట్లో వేసి మెత్తగా నూరాలి. మిక్సీలో వేయకండి, బ్లేడుకు పట్టుకుని ఊడి రాదు, నేను వేసి అవస్థ పడ్డాను. అన్నీ కలిపి, చేతికి నెయ్యి రాసుకుని ఉసిరికాయంత ఉండలు చేస్తే సరి. బెల్లం, పంచదార ఏమీ అక్కర్లేదు. డబ్బాలో పెడితే వారం నిలవుంటాయి, మా ఇంట్లో మాత్రం మూడోరోజుకే డబ్బా కడగాల్సి వచ్చింది.

కుక్కర్ కేకు చేసేవాళ్ళు ఒకసారి ఇలా చేసి చూడండి. ఎనిమిది పండ్లు వేడినీళ్ళలో నానబెట్టి గుజ్జు చేసి, మీరు రోజూ వేసే వెన్నలో సగం తగ్గించి ఆ గుజ్జు వేయండి. కేకు మెత్తగా, కొంచెం నల్లగా వస్తుంది. పంచదార కూడా కాస్త తగ్గించవచ్చు.

బొబ్బట్లు మాత్రం చేయకండి. ఉగాదికి శనగపప్పు పూర్ణంలో ఈ గుజ్జు కలిపి గొప్పగా చేద్దామనుకున్నాను. పూర్ణం జారిపోయింది, ఒత్తుతుంటే పిండి చిరిగింది, పెనం మీద నల్లగా అతుక్కుంది. మావారు ఒకటి తిని ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయన అనడం.

పానకానికి రసం తీయడం ముందు నేర్చుకోవాలి. సీసాల్లో అమ్మే ప్రూన్ జ్యూసు కూడా పచ్చి పండును పిండి తీసింది కాదు, ఎండుపండును వేడినీళ్ళలో నానబెట్టి తీసిన రసమే. ఆ పని మనింట్లో మనమే చేసుకోవచ్చు. 100 గ్రాములంటే పది పన్నెండు పండ్లు. వాటిమీద మూడు గ్లాసుల మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి రాత్రంతా ఉంచాలి. పొద్దున అదే నీళ్ళతో సన్నని సెగమీద పదినిమిషాలు ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, పలచని గుడ్డలో వడకట్టాలి. సుమారు రెండు గ్లాసుల చిక్కటి రసం వస్తుంది. ఫ్రిజ్‌లో మూడురోజులు ఉంటుంది. పిప్పి పారేయకండి, పీచు చాలావరకు అందులోనే ఉంది. చపాతీ పిండిలో కలిపేయండి, లేదా ఆ లడ్డూలో వేయండి.

ఇప్పుడు అసలు సంగతి.

మా మరిది పదేళ్ళకు పైగా తాగాడు. ఊళ్ళో అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ దాచేదేమీ లేదు. రాయమంటే అతనే రాయమన్నాడు. మానేసి ఈ వేసవికి పద్నాలుగు నెలలు. మాన్పించింది ఏ పానకమూ కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. ఖమ్మంలో డాక్టరు దగ్గర మందులు, మొదటి వారం ఆసుపత్రిలో పడ్డ వణుకు, అతని పట్టుదల, మా తోటికోడలి ఓపిక. ఎక్కువ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఇంట్లోనే మానేస్తే ఫిట్స్ కూడా వస్తాయి. ప్రాణంమీదికి వస్తుంది. కాబట్టి డాక్టరు దగ్గరే మానాలి. మా అత్తమ్మకైతే ఇది రెండో యుద్ధం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడు ఆ వార్త విని మామయ్యగారికి అన్నం పెట్టనని కూర్చుందట. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మందంతా నిషేధించారు, 1997లో సడలించారు. "నాలుగేళ్ళు సుఖపడ్డాను" అంటుంది ఆమె, లెక్కగా.

మే నెలలో మా మరిది కూతురి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. మన వైపు ఫంక్షన్లు ఎలా ఉంటాయో తెలుసుగా. ముందు షామియానాలో పసుపూ కుంకుమా, వెనక షామియానాలో మగవాళ్ళ గ్లాసులు. ఇంటి యజమాని వెనకవైపు వెళ్ళి అందరినీ పలకరించకపోతే మర్యాద కాదు. వెళ్తే ఎవరో ఒకరు "మన పిల్ల ఫంక్షన్, ఒక్క పెగ్గు" అంటారు. పదిహేను రోజుల ముందు మా మరిది వంటింటి గడపలో కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చివరికి అన్నాడు. "వదినా, తాగాలని లేదు. చేతిలో ఏమీ లేకపోతేనే కష్టం. ఖాళీ చెయ్యి కనబడితే ఎవడో ఒకడు నింపుతాడు."

కూల్‌డ్రింకు పట్టుకోవచ్చుగా అంటే, పట్టుకున్నాడట ఒక పెళ్ళిలో. "ఏరా, పాలడబ్బా కూడా తెచ్చుకున్నావా" అన్నారట. పైగా ఆ తీపి రెండు గుక్కలకే వెగటు.

నాకేమీ తోచక ఆ రాత్రి డల్లాస్ పిల్లకు ఫోన్ చేశాను. "అత్తా, ఇక్కడ మందు మానేసినవాళ్ళకూ, కడుపుతో ఉన్నవాళ్ళకూ మందు లేని కాక్‌టెయిల్ అని చేస్తారు, మాక్‌టెయిల్ అంటారు. నేను తెచ్చిన ప్రూన్స్ ఉన్నాయిగా, దాని రసంతో కూడా చేస్తారు. ఒక్కటి గుర్తుపెట్టుకో, తీపి ఒక్కటే ఉంటే పిల్లల షర్బత్ అవుతుంది. కాస్త వగరు, కాస్త ఘాటు ఉండాలి, నెమ్మదిగా గుటకలేసేలా" అంది. మన వంటలాగానే అనిపించింది నాకు. ఒక్క రుచితో ఏ కూర నిలబడుతుంది?

మీలో అడవి అంచు ఊళ్ళవాళ్ళు వెంటనే ఒక మాట అంటారు. ఎండిన పండుతో పానీయం అంటే మనకు ఇప్పపువ్వు ఉందిగా, అమెరికా దాకా ఎందుకని. నిజమే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున చెట్టుకింద రాలిన పువ్వు ఏరి ఎండబెడితే అచ్చం ఎండుద్రాక్షలా అవుతుంది. అంత తీపి. ఉట్నూరు వైపు గిరిజన మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు, మంచి బలం. నేనూ ముందు దానికోసమే డబ్బా తీశాను. మూత తీయగానే మా తోటికోడలు వాకిట్లోంచి లేచి వచ్చింది. "అక్కా, అది మూత పెట్టు" అంది. ఆ వాసన అంటేనే ఆ ఇంటికి సారా వాసన. పువ్వు తప్పేమీ లేదు పాపం, కానీ ఆ పదేళ్ళూ అందులో ఉన్నాయి. అమెరికా నల్లపండుకు మా ఇంట్లో పాత లెక్కలేవీ లేవు. అది నాకు నచ్చింది. (ఆ పండుకూ దాని ఊళ్ళో దాని చరిత్ర ఉంది లెండి. సెర్బియా అనే దేశంలో పచ్చి ప్లమ్స్‌తోనే స్లివోవిట్స అని సారా కాస్తారు. అక్కడి మన తోబుట్టువులు ఈ వాసనకే డబ్బా మూత పెట్టేస్తారేమో.)

మొదటిసారి రసంలో పంచదార, నిమ్మకాయ కలిపాను. జొన్న అంబలిలా చిక్కగా, పాకంలా తియ్యగా వచ్చింది. రెండోసారి ఘాటు కావాలని లవంగాలు, దాల్చినచెక్క మరిగించి పోశాను. మా మరిది ఒక గుక్క తాగి, "పంటినొప్పి తగ్గింది వదినా" అన్నాడు. మూడోసారి కుదిరింది. ఒక గ్లాసుకు కొలత చెబుతాను. పావు గ్లాసు నల్లపండు రసం, రెండు చెంచాల చిక్కటి టీ డికాక్షన్, పాలు పంచదార లేనిది. వగరు దాని వల్లే వస్తుంది. అరచెంచా అల్లం రసం, అర నిమ్మచెక్క, దంచిన మిరియాలు మూడు, చిటికెడు నల్ల ఉప్పు. ఇవన్నీ కలిపి ఐసుముక్కలు వేసి, పైన చల్లటి సోడా. సోడాను గ్లాసు అంచువెంట నెమ్మదిగా పోయాలి, గబుక్కున పోస్తే నురగ పొంగి చీరమీద పడుతుంది. నేను గోలీసోడా వాడాను. ముదురు ఎర్రరంగులో, గొంతులో కాస్త మండుతూ దిగుతుంది.

మా మరిది ఈసారి గ్లాసు కింద పెట్టలేదు. కానీ మా తోటికోడలి ముఖం చూశాను, తెల్లగా పాలిపోయింది. పక్కకు పిలిచి అడిగితే, "అక్కా, రుచి ఏమో గానీ ఆ రంగు చూస్తే గుండె ఝల్లుమంటోంది. అచ్చం అదే. దీన్ని తాగితాగి ఒకరోజు దాన్ని తాగితే?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మందులా కనిపించే పానీయం పాత అలవాటును గుర్తు చేస్తుందని కొందరు డాక్టర్లు కూడా వద్దంటారు. కొందరికి అది చేతికర్రలా పనికొస్తుంది, కొందరిని అదే గోతిలోకి తోస్తుంది. ఎవరి మనసు ఎలాంటిదో వాళ్ళకే తెలియాలి. అందుకని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అతన్నే అడిగాను. అతను చాలాసేపు ఆలోచించి, "గాజు గ్లాసు వద్దు వదినా, స్టీలు గ్లాసులో ఇవ్వు. రంగు నాకూ కనబడకూడదు" అన్నాడు. స్టీలు గ్లాసులో ఏముందో ఎదుటివాడికి తెలియదు, చెయ్యి ఖాళీగా లేదని మాత్రం తెలుస్తుంది. ఇంత తెలివి ఈ మనిషికి పదేళ్ళ క్రితం ఎందుకు లేదని మా అత్తమ్మ గొణిగింది. ఆమె గొణుగుడుకు కూడా ఆరోజు ఎవరికీ కోపం రాలేదు.

ఖర్చు సంగతి కూడా ఆలోచించాను. ఇంటివాళ్ళకు సరే, ఫంక్షన్‌కు వచ్చిన ఆడవాళ్ళకూ పిల్లలకూ అమెరికా పండుతో పోయాలంటే అయ్యేపని కాదు, జీడిపప్పు ధరకు అటూఇటూగా ఉంది. లాహోర్‌లో ఎండాకాలం బండ్లమీద చింతపండు, ఆల్‌బుఖారా కలిపిన షర్బత్ అమ్ముతారని మా పిల్లవాడు చూపించాడు. మన చింతపండే, మన కిరాణాకొట్టు ఆల్‌బుఖారానే. పావుకిలో ఎండు ఆల్‌బుఖారా, నిమ్మకాయంత చింతపండు నానబెట్టి గుజ్జు తీసి, బెల్లం కలిపి మరిగించి, వడకట్టి చల్లార్చి, వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు వేసి ఒక బిందెడు నీళ్ళలో కలిపాం. బెల్లం మీ నాలుకకు చాలినంత. గింజలు మాత్రం జాగ్రత్తగా ఏరేయాలి. మే నెల ఎండలో మా బిందె ఒంటిగంటకే ఖాళీ అయింది.

ఫంక్షన్ రోజు మా మరిది స్టీలు గ్లాసు పట్టుకుని వెనక షామియానాలోకి వెళ్ళాడు. మేమిద్దరం ముందువైపు అమ్మాయికి అక్షింతలు వేయిస్తున్నాం గానీ చెవులు వెనకే ఉన్నాయి. మా తోటికోడలికి ఒక అలవాటు. పద్నాలుగు నెలలుగా అతను ఎక్కడినుంచి వచ్చినా ఏదో వంకతో దగ్గరకు వెళ్ళి, గ్లాసైనా తువ్వాలైనా చేతిలోకి తీసుకుని వాసన చూస్తుంది. అతనికి తెలుసు. తెలిసీ ఏమీ అనడు. గంట తర్వాత అతను వంటల దగ్గరకు వచ్చి గ్లాసు చాపి, "ఇంకొంచెం పొయ్యి" అన్నాడు భార్యతో. చుట్టూ చుట్టాలున్నారు. నేను ఆమె చెయ్యినే చూస్తున్నాను, ఎప్పటిలాగా ముక్కు దగ్గరకు తీసుకెళ్తుందని. ఆమె గ్లాసు తీసుకుంది, అడుగున మిగిలిన గుక్కెడూ గటగటా తాగేసింది. చీర చెంగుతో మూతి తుడుచుకుని, "అల్లం ఎక్కువైంది అక్కా" అంటూ గ్లాసు నింపి అతని చేతికిచ్చింది.

ఫంక్షన్ అయిన వారానికి మా వెనక వీధి నుంచి ఒకామె, ఆ తర్వాత రెండురోజులకు ఇంకొకామె, మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ చూసుకుని వచ్చారు. ఆ పానకం ఎలా చేశావని అడిగారు. ఎవరికోసమో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీలోనూ అలా అడగాలనుకుని ఊరుకున్నవాళ్ళు ఉంటారని కొలత వివరంగా రాస్తున్నాను. పదిమందికి ప్రూన్స్ 125 గ్రాములు, నీళ్ళు మూడున్నర గ్లాసులు, దిగేసరికి రసం రెండున్నర గ్లాసులు కావాలి. టీ పొడి రెండు చెంచాలు అరగ్లాసు నీళ్ళలో మరిగించిన డికాక్షన్, అల్లం రసం అయిదు చెంచాలు (మా తోటికోడలి లెక్కన నాలుగు), నిమ్మకాయలు 5, మిరియాలు 30, నల్ల ఉప్పు అరచెంచా, గోలీసోడాలు మనిషికొకటి. మనిషికి పండున్నరకు మించి పడదు కాబట్టి ఒకటి రెండు గ్లాసులకు కడుపు భయం లేదు. అయిదో గ్లాసు అడిగినవాళ్ళకు మాత్రం మా అత్తమ్మ రాత్రి సంగతి చెప్పండి.